ఈ సిరాబుడ్డి ఎవడు కొన్నాడు?

టైలర్ కత్తెర పక్కన పెట్టి కొలతల టేపు చేతిలోకి తీసుకున్నాడు. కొట్టులోకి వచ్చిన మనిషి కోటు కుట్టించుకోవాలన్నాడు.

"చేతులు చాపండి సార్" అన్నాడు టైలర్.

ఆ మనిషి చేతులు చాపాడు. కుడిచేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది.

పక్క కొట్టువాడికి కూడా వినపడలేదు. టైలర్ కుట్టుమిషన్ మీదికి ఒరిగిపోయాడు. ఆ కొట్టు గూఢచారి బ్యూరో వాళ్ల సేఫ్ హౌస్, అంటే రహస్యంగా తలదాచుకునే చోటని, ఆ టైలర్ ఏళ్ల తరబడి బ్యూరో మనిషని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ముందు రోజు బ్యూరో చీఫ్ గదిలో, తలుపులు బిగించుకుని, గొంతు తగ్గించి ఒక్కసారి అనుకున్న మాట అది.

మర్నాడు పొద్దున్నే అదే గదిలోకి ఒకామె తలుపు తట్టకుండా వచ్చింది. ఏజెంట్‌గా ఆమెకు ఒక నంబర్ ఉంది గానీ దాన్ని ఎవరూ వాడరు. ఆమె వెనకాల అందరూ "చిర్రుబుర్రు" అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకు కూడా ఆమెకు కోపమే.

"టైలర్ని ఎవరు పట్టించారు సార్?"

"కూర్చో అమ్మా" అన్నారు చీఫ్. పెద్దాయన. నెరిసిన మీసం, ఇంకు మరకల వేళ్లు. ఆయనకు ఒక పక్కన కోడ్ సెక్షన్ పెద్ద కూర్చున్నాడు. అందరూ కోడ్ మాస్టారు అంటారు. ఇంకో పక్కన గోడకి ఆనుకుని, బయటి శాఖలతో వ్యవహారాలు చూసే లయజాన్ ఆఫీసర్ నిలబడ్డాడు. తెల్లటి సూటు, నిగనిగలాడే బూట్లు, జేబులో లావుపాటి బంగారు పెన్ను. నలుగురు చూస్తున్నా చూడకపోయినా నవ్వే మొహం. ఆఫీసులో అతనికి పెట్టిన పేరు షోకిల్లా. తనని అలా అంటారని తెలిస్తే మురిసిపోయే రకం.

"కూర్చోను. చెప్పండి."

"రెడ్ సర్కిల్" అన్నారు చీఫ్. "బయటి దేశపు ముఠా. మన రహస్యాలు వాళ్లకి వెళ్తున్నాయి. నా గదిలో అనుకున్నవి వెళ్తున్నాయి. కోడ్ సెక్షన్‌లో అనుకున్నవి వెళ్తున్నాయి. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లవీ వెళ్తున్నాయి. గదులన్నీ గాలించాం. ఫోన్లు విప్పి చూశాం. లైట్లు విప్పి చూశాం. ఏమీ దొరకలేదు."

"అయితే?"

"నీ గదిలో అనుకున్నది మాత్రం ఒక్కటి కూడా బయటికి పోలేదు."

అర్థం కావడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది.

"అంటే నేనా? టైలర్ నాకు పెళ్లిబట్టలు కుట్టిన మనిషి సార్! పైగా ఇవాళ పడవ దిగేది ఎవరు? నా తమ్ముడు! రెడ్ సర్కిల్ పేర్లన్నీ బుర్రలో మోసుకొస్తున్నాడు. వాణ్ణి నేనే చంపించుకుంటానా?"

"అందుకే నువ్వు ఈ ఆపరేషన్‌లో ఉండకూడదు. ఏ రేవులో దిగాలో అతను బయల్దేరే ముందే అతనికి చెప్పాను, ఈ మీటింగ్‌లో వీళ్లకి చెప్తాను. నువ్వు బయట ఉండు. బ్యాడ్జి, పిస్టల్ ఇచ్చేసి వెళ్లు."

షోకిల్లా గొంతు సవరించుకున్నాడు. "బాధపడకండి మేడమ్ గారూ. అంతా తేలిపోతుంది. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి."

"రెస్ట్ నువ్వు తీసుకో. ఎప్పుడైనా పని చేస్తే కదా అలసిపోవడానికి!"

పిస్టల్ బల్లమీద పెట్టిన చప్పుడుకి అక్కడున్న సిరాబుడ్డి ఊగింది. చీఫ్ రెండు చేతులా పట్టుకున్నారు. మూత వదులుగా ఉందేమో, ఇంకో మరక ఆయన చొక్కా చేతి మీద పడింది.

ఆమె గది వరండా చివర ఉంది. సామాను సర్దుకోవడానికి వచ్చి కుర్చీలో కూలబడింది. ఒళ్లంతా మండిపోతోంది. తమ్ముడు మధ్యాహ్నం పడవ దిగుతాడు. ఏ రేవో ముఠాకి తెలిస్తే దిగడం దిగడమే ఆఖరు. తెలియకుండా ఉంటుందా? ఆ గదిలో అనుకున్నాక ఏది దాగింది?

నా గదిలోది ఎందుకు పోలేదు? ఆమె చుట్టూ చూసింది. అదే బల్ల. అదే లైటు. అదే ఫోను, అదే ఫ్యాను. అందరి గదుల్లో ఉన్నవే ఇక్కడా ఉన్నాయి. లేనిది ఏమిటి?

బల్లమీద ఆమె పాత సిరాబుడ్డి కనిపించింది.

ఆ బ్యూరోలో బాల్ పెన్ను నిషేధం. బాల్ పెన్నుతో నొక్కి రాస్తే అడుగు కాగితం మీద గీతలు దిగుతాయి. పెన్సిల్ పొడి చల్లితే రాసిందంతా చదవొచ్చు. అందుకని చీఫ్ నుంచి గుమాస్తా దాకా అందరూ ఇంకు పెన్నుతోనే రాయాలి. బల్లకి ఒక పెన్ను, ఒక సిరాబుడ్డి. ఆ ఏడాది మొదట్లో ఆఫీసుకి కొత్త సిరాబుడ్లు వచ్చాయి. విదేశీ డిజైన్ అన్నారు. ప్రైజు వచ్చిందన్నారు. ముదురు నీలం గాజు, కొంగ మెడంత సన్నటి పొడుగాటి మెడ, అడుగున పిడికెడు మందాన గాజు. చూసినవాళ్లందరూ అబ్బ అన్నారు.

పెన్ను నింపబోయాక అందరూ అబ్బో అన్నారు. పాళీ ఇంకుని అందుకోవాలంటే పెన్నుతోపాటు వేళ్లు కూడా మెడలోకి దూరాలి. మెడ లోపలంతా అంటిన ఇంకు వేళ్లకి పూసుకునేది. ఆఫీసంతా నీలం చేతులే. సగం ఇంకు వాడేసరికి పాళీ అసలు అందదు. పోనీ ఒంచి వేరే సీసాలో పోసుకుందామంటే చుక్కచుక్కగా తప్ప రాదు. చెయ్యి తగిలితే పడిపోతుంది. ఇంకు అందకపోతే కంపెనీ వాళ్లే పాతది తీసుకుని కొత్త సీసా ఇస్తారు. అదొక్కటే గొప్ప అన్నారు.

కొత్త సీసా తన బల్లమీదికి వచ్చిన రోజు చిర్రుబుర్రు వరండా అంతా వినపడేలా అరిచింది. తన పాత బుడ్డి పొట్టిది. అడుగు వెడల్పు, నోరు వెడల్పు. లోపల మూతి పక్కన చిన్న గిన్నెలాంటి అర ఉంటుంది. మూత బిగించి ఒకసారి ఒంచి నిలబెడితే ఆ అర నిండుతుంది. ఆఖరి గుక్క దాకా పెన్నుకి ఇంకు అందుతుంది. దాన్ని తయారుచేసినవాడు రాసేవాడు. అది ఆమె మాట. దాని తర్వాత ఆమెకు నచ్చేది పలకలు పలకలుగా ఉండే సీసా. ఇంకు తగ్గితే పక్కకి ఒరిగించి పెట్టుకోవచ్చు. బంతిలా గుండ్రంగా ఉండి బల్లంతా దొర్లేది, రేకుమూత తుప్పుపట్టి కటింగ్ ప్లేయర్ లేనిదే రానిది, ఆమెకు పరమ అసహ్యం. ఈ కొంగమెడది వాటికంటే నీచం. "ఇది రాసేవాడు చేసింది కాదు. షోకేసులో పెట్టుకునేవాడు చేసింది" అని ఆ రోజే దాన్ని స్టోర్స్‌కి తిప్పి పంపేసింది.

ఆమె కుర్చీలోంచి లేచింది. తన గదిలో లేనిది అదొక్కటే.

స్టోర్స్ కింద సెల్లార్‌లో ఉంది. స్టోర్స్ బాబాయి కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు.

"ఏం అమ్మాయ్, మళ్లీ ఏం నచ్చలేదు?"

"నేను తిప్పి పంపిన సీసా ఏది?"

"అదిగో, పైన. నీ కోపానికి భయపడి ఎవరికీ ఇవ్వలేదు."

ఆమె అటక మీంచి సీసా దింపింది. ఇంకు దాదాపు నిండుగా ఉంది. గోడ పైభాగంలో ఉన్న చిన్న కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండకి ఎదురుగా పట్టుకుంది. పైన ఇంకు నల్లగా ఉంది. కింద మందపాటి గాజు. ఆ గాజులో, సరిగ్గా మధ్యలో, చొక్కా బొత్తాం అంత నల్లటి బిళ్ల. దానినుంచి వెంట్రుకలాంటి తీగ మెడ చుట్టూ పైకి పాకింది.

మైక్రోఫోన్! ట్రాన్స్‌మిటర్! ఆఫీసులో బల్లబల్లకీ ఒకటి! దీనికి చోటు కావాలని అడుగు మందం చేశారు. అడుగు మందమైతే ఇంకుకి చోటు చాలదు కాబట్టి మెడ సాగదీశారు. ఆరునెలలుగా ఆఫీసంతా చేతులు కడుక్కుంటూ ఈ దరిద్రాన్ని భరించింది. టైలర్ దీనివల్ల చచ్చిపోయాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు బాబాయి.

ఆమె నోరు తెరిచి, ఆగింది. ఈ సీసా ఇప్పుడు కూడా వింటూ ఉండొచ్చు. వినేవాళ్లకి ఆమె గొంతు కొత్త కాదు. వరండాల్లో, మీటింగుల్లో, పక్క గదుల్లో ఆమె అరుపులు విని విని అలవాటు పడి ఉంటారు. ఇప్పుడు ఉన్నట్టుండి నోరు మూసుకుంటేనే అనుమానం వస్తుంది.

"ఏమైందా? ఈ సిరాబుడ్డి ఎవడు కొన్నాడు బాబాయ్?" అని అరిచింది. అరుస్తూనే జేబులోంచి పెన్ను తీసింది.

"నేను కాదు తల్లీ! పైన కమిటీ. చీఫ్ గారు, కోడ్ మాస్టారు, లయజాన్ గారు. ముగ్గురూ ఓకే చేస్తేనే వచ్చింది."

"ముగ్గురికీ కళ్లు పోయాయా? పెన్ను ముంచి చూశారా ఎవరైనా?" అని తిడుతూ, ఎడమ అరచేతిలో పెద్ద అక్షరాలతో రెండు మాటలు రాసుకుంది. సీసాని తన బ్యాగులో వేసుకుంది. సాక్ష్యం కావాలి. "దీన్ని వాళ్ల మొహానే కొడతా!" అని మెట్లెక్కింది. బాబాయి ఆపలేదు. ఆమెను ఎవరూ ఆపరు.

చీఫ్ గది తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల మాటలు వినిపించాయి.

"పాత ఫెర్రీ రేవు" అంటున్నారు చీఫ్. "పియానో రిపేర్ చేసేవాడి వేషం. ఆకుపచ్చ టూల్ బాక్స్. పడవ ఈపాటికి మలుపు దాటి ఉంటుంది."

చెప్పేశారు. విన్నవాళ్లు వినేశారు. ఆ పడవలో రేడియో లేదు. సిగ్నల్ పట్టేస్తారని తీయించేసింది తానే. తమ్ముణ్ణి ఇంకో రేవుకి మళ్లించే దారి లేదు. మళ్లించగలిగితే చంపేవాణ్ణే మళ్లించాలి.

అరచేతిలో ఇంకో ముక్క రాసుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

"ఎవడండీ ఫెర్రీ రేవు అన్నది? బుద్ధుందా ఎవరికైనా?"

"నిన్ను బయట ఉండమన్నాను!" చీఫ్ లేచి నిలబడ్డారు.

"ఉండను! టైలర్ని చంపారు. ఇప్పుడు నా తమ్ముడా? ఇదిగో, ఈ చేత్తో ఎత్తి పెంచాను వాణ్ణి!" అంటూ ఆయన ముక్కు దగ్గరికి అరచేయి తీసుకెళ్లి ఊపింది. అందులో ఉంది: సీసా వింటోంది. రేవు మార్చినట్టు నటించండి.

పెద్దాయన మొహంలో కండరం కదల్లేదు. చూపు మాత్రం ఒక్కసారి బల్లమీది నీలం సీసా మీదికి వెళ్లి వచ్చింది. మెల్లగా కూర్చున్నారు.

"సరే. అరవకు. నీ తమ్ముడు కాబట్టి నీ మాటే. రేవు మారుస్తున్నా. కస్టమ్స్ గేటు. కోడ్ మాస్టారూ, పడవకి మెసేజ్ పంపండి."

కోడ్ మాస్టారు పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడని మనిషి. ఆయన కళ్లు పెద్దవి చేశాడు. "సార్, కానీ ఆ పడవలో అసలు రేడి..."

బల్లకింద చీఫ్ బూటు ఆయన కాలి మీద గట్టిగా పడింది.

"...రెడీగా ఉంటారు సార్. పంపుతా" అన్నాడు కోడ్ మాస్టారు, కళ్లలో నీళ్లతో.

షోకిల్లా నవ్వుతూనే ఉన్నాడు. "మంచి నిర్ణయం సార్. నేను వెళ్లి కస్టమ్స్ వాళ్లతో మాట్లాడతా" అని బల్లమీది తన టోపీ అందుకున్నాడు.

అప్పుడు చూసింది ఆమె. చీఫ్ వేళ్లు నీలం. కోడ్ మాస్టారి వేళ్లు గోళ్ల దాకా నీలం. టోపీ అందుకున్న షోకిల్లా వేళ్లు తెల్లగా ఉన్నాయి. గోళ్ల సందుల్లో కూడా చుక్క మరక లేదు. ఈ ఆఫీసులో ఈ సీసాతో పెన్ను నింపుకునే మనిషికి అలాంటి చేతులు ఉండవు. అతని జేబులో ఉన్నది అసలు ఇంకు ఎరగని పెన్ను.

ఆమె పళ్లు కొరుక్కుంది. సీసా ముందు ఏమీ అనలేదు. అతను వెళ్లిపోయాడు. అరచేతిలో చోటు లేదు. చీఫ్‌కి ఆయన నీలం వేళ్లే చూపించి, తలుపు వైపు చూపించింది. ఆయనకు అర్థమైందో లేదో ఆగి చూసే తీరిక లేదు.

టాక్సీలో రేవు దాకా, జీవితంలో మొదటిసారి, నోరు మెదపకుండా కూర్చుంది. డ్రైవర్ రాంగ్ టర్న్ తీసుకున్నా ఏమీ అనలేదు. ఒళ్లో సీసా ఉంది మరి.

పాత ఫెర్రీ రేవులో ఎండ పెళపెళలాడుతోంది. జనం గొడుగులు వేసుకుని నిలబడ్డారు. కట్ట చివర ఒక ఫొటోగ్రాఫర్ ట్రైపాడ్ మీద పొడవాటి లెన్స్ బిగించి, పడవ వైపు గురిపెట్టి ఉన్నాడు. అంత పొడవైన లెన్స్ పక్షుల్ని తీసేవాళ్లకే కావాలి. అక్కడ ఒక్క పక్షి కూడా లేదు.

పడవ దగ్గరపడింది. డెక్ మీద ఆకుపచ్చ పెట్టె కనిపించింది. ఫొటోగ్రాఫర్ వంగి లెన్స్ వెనక కన్ను పెట్టాడు. ఆమె పరిగెత్తింది. జనం అడ్డం. "జరగండి! జరగండయ్యా!" పిస్టల్ లేదు. బ్యాడ్జి లేదు. కోపం తప్ప ఏమీ లేదు.

ఫొటోగ్రాఫర్ చెవిలో ఏదో గరగరమంది. తల ఎత్తాడు. విన్నాడు. ఏదో బూతు గొణుక్కుని ట్రైపాడ్ మడిచి, కస్టమ్స్ గేటు వైపు పరుగు తీశాడు. అక్కడ అతని కోసం చీఫ్ మనుషులు లారీల వెనక కాచుకుని ఉన్నారు.

ఆమె ఒక గుంజకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంది.

"ఆ పడవలో రేడియో లేదు కదూ, మేడమ్ గారూ?"

వెనక్కి తిరిగింది. తెల్లసూటు మడత నలగకుండా షోకిల్లా నిలబడి ఉన్నాడు. చేతిలో బంగారు పెన్ను. మూత తీసి ఉంది. పాళీ ఉండాల్సిన చోట చిన్న గొట్టం ఉంది.

"కోడ్ మాస్టారు నోరు జారి సగం మింగాడు. మిగతా సగం నేను పూర్తి చేసుకున్నా. మావాళ్లకి చెప్పే టైము లేదు. అందుకే నేనే వచ్చా."

"టైలర్ నీకేం చేశాడ్రా?"

"ఏమీ చేయలేదు. మంచి టైలర్. ఈ సూటు అతనే కుట్టాడు." అతను పడవ మెట్ల వైపు చూశాడు. జనం దిగుతున్నారు. "ఒక మాట చెప్పనా? మొదటి రోజే మీరు ఆ సీసాని తిట్టినప్పుడు నాకు చాలా బాధేసింది. నేను ఏరికోరి ఎంచిన డిజైన్ అది. మీకు అందం తెలీదు మేడమ్."

"దాంట్లో ఒక్కసారన్నా పెన్ను ముంచి చూశావట్రా వెధవా?"

మెట్ల మీద ఆకుపచ్చ పెట్టె కనిపించింది. దాని వెనక మాసిన గడ్డంతో తమ్ముడు. షోకిల్లా పెన్ను ఎత్తాడు.

ఆమె బ్యాగులోంచి సీసా తీసి, మూత ఊడపీకి, ఇంకు అతని కళ్లలోకి విసిరింది.

ఏమీ రాలేదు. ఆ దిక్కుమాలిన మెడలోంచి రెండు చుక్కలు రాలి అతని బూటు పక్కన పడ్డాయి. షోకిల్లా ఫక్కున నవ్వాడు.

ఆ నవ్వుతో ఆమెకు అసలు కోపం వచ్చింది. ఏడాది మొదటినుంచీ దాచుకున్నదంతా, టైలర్‌ది, బ్యాడ్జిది, ఆఫీసులో ప్రతి నీలం వేలిదీ కలిపి, సీసాని సీసాగానే విసిరింది. పిడికెడు మందాన ఉన్న అడుగు గాజు వెళ్లి అతని కణతకి తగిలింది. పెన్ను పేలింది. గుండు పైకి పోయింది. షోకిల్లా రాళ్ల మీద వెల్లకిలా పడ్డాడు. పక్కనే సీసా పగిలి, లోపలున్న ఇంకంతా తీరిగ్గా అతని తెల్లసూటు మీదికి, చేతుల మీదికి పారింది.

జీపు వచ్చి ఆగింది. చీఫ్ దిగారు. కింద పడ్డవాణ్ణి, పగిలిన గాజులో మెరుస్తున్న నల్ల బిళ్లని చూశారు. జేబులోంచి ఆమె బ్యాడ్జి తీసి చాపారు.

"నాదే తప్పమ్మా."

"తప్పు అంటే సరిపోతుందా సార్? అందంగా ఉందని ముగ్గురూ తలూపారు. రాసేవాళ్లని ఒక్కరినైనా అడిగారా? ఆఫీసంతా చేతులు చూపించి మొత్తుకుంటే వినలేదు. నేను అరిస్తే నాకు పేరు పెట్టి నవ్వుకున్నారు. టైలర్ పెళ్లాం దగ్గరికి వెళ్లి ఏం చెప్తారు? సీసా బాగుందని చెప్తారా?"

పెద్దాయన తల దించుకున్నారు. ఆమె బ్యాడ్జి లాక్కుంది.

"అక్కా!"

తమ్ముడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చిక్కిపోయాడు. ఆమె అతని చెంప మీద ఒకటి కొట్టి, అదే చేత్తో దగ్గరికి లాక్కుంది. వాడి చెంప నీలమైంది.

"ఎందుకు కొట్టావ్?"

"లేటయ్యావు. అందుకు."

"నీకోసం ఒకటి తెచ్చా. సరిహద్దులో మూడుసార్లు సోదా చేశారు. అయినా దొరకనివ్వలేదు. నీకు ఇవంటే పిచ్చి కదా." వాడు టూల్ బాక్స్ అడుగున బట్టల్లో చుట్టిన పొట్లం తీసి విప్పాడు. కళ్లు మెరిసిపోతున్నాయి.

సిరాబుడ్డి. రంగురంగుల గాజు చిలక. ఇంకు పోసే నోరు దాని ముక్కు చివర ఉంది. ఆ సందులో పెన్ను కాదు కదా, గుండుసూది కూడా దూరదు. కాళ్లు రెండూ పుల్లల్లా ఉన్నాయి. అరచేతిలో పెట్టుకుంటేనే ఒరిగిపోతోంది.

చిర్రుబుర్రు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తమ్ముడి మొహం చూసింది.

"బాగుందిరా" అంది. "చాలా బాగుంది."

ఇన్నేళ్ల ఉద్యోగంలో, శత్రువుల చెరలో తలకి పిస్టల్ ఆనించినప్పుడు కూడా, ఆమె అంత పచ్చి అబద్ధం ఆడలేదు.